గొడ్లు, జీవాలు

రాళ్ళవాగుపాలెం,
గురజాల మీదుగా,
18–8–1946, ఆదివారం మధ్యాహ్నం.

నాగూర్ వలి అన్నకు,

ఎప్పుడూ నువ్వు సలాము అంటే నేను వందనం అనేవాణ్ణి. నువ్వు మొదలుపెడితేనే నాకు నోరు పెగిలేది. ఈసారి నేనే మొదలుపెడుతున్నాను కాబట్టి రెండూ నావే అనుకో. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, దయామణి, పిల్లలు బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, వదిన, బీబీజాన్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది. పదిహేడు నెలల్లో ఒక్క కార్డుముక్క రాయనివాడు ఏ ముఖం పెట్టుకుని మీ కులాసా తలుస్తాడు?

నీ చిరునామా ఇన్నయ్య ఇచ్చాడు. పత్తి బండి తోలుకుని చిలకలూరిపేట వచ్చినప్పుడు జిన్నింగు మిల్లు దగ్గర నిన్ను చూశాడట. పత్తి బోరాలు మోస్తున్నావని, కుడి మోకాలు వాచి ఉందని చెప్పాడు. అరగంట మాట్లాడినా గొడ్ల ఊసు ఒక్కటి ఎత్తలేదని, బండి ఎద్దుల వంక కూడా చూడలేదని చెప్పాడు. మిగతాదంతా విని ఊరుకున్నాను గాని ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. దారిన పోయే ఎవరి ఎద్దునైనా ఆపి, చెవి మొదట్లో చెయ్యి పెట్టి, దీనికి రాత్రి నుంచి జొరంగా ఉంది, చూసుకోబళ్ళేదా అని దాని యజమానిని తిట్టేవాడివి కదా నువ్వు!

ఈ ఉత్తరం నీకు బీబీజానే చదివి వినిపిస్తుందని తెలుసు. అమ్మా బీబీజాన్, నీకు ఓనమాలు దిద్దించింది నేను. నాలుగో తరగతిలో ఒత్తులు పలకడం లేదని నీ చెవి మెలిపెట్టింది కూడా నేనే. ఇది ఇంట్లో కూర్చుని మీ నాయనకు మాత్రం వినపడేలా చదువు. మిల్లు మనుషుల ముందు వద్దు.

ఊరి సంగతులు. వానలు ఈ ఏడు సకాలంలో పడ్డాయి. జొన్న మోకాలెత్తు లేచింది. అయితే ముసర రోగం పోయి ఏడాది దాటినా ఊళ్ళో గొడ్లు ఇంకా పుంజుకోలేదు. మొన్న విత్తనాలప్పుడు మాల పల్లెలో రెండిళ్ళవాళ్ళు తామే కాడి భుజాన వేసుకుని గొర్రు లాగారు. మన హన్నమ్మ ఇప్పుడు కూలికి పోతోంది. గేదె ఉన్నన్నాళ్ళు పాలమ్ముకుని ఎవరికీ తలవంచని మనిషి. ఆదివారం గుళ్ళో కనపడినప్పుడల్లా, ఆ వలి ఎద్దులే మన కొంపలు ముంచినయ్యి పంతులుగారూ అంటుంది. నేను ఊఁ అంటాను. అన్నా, ఆ ఊఁ అనడం గురించే ఈ ఉత్తరం.

పోయిన బుధవారం నరసరావుపేట నుంచి పశువుల డాక్టరు కామేశం గారు వచ్చారు. మనం ముగ్గురం కలిసి చేసిన పని తాలూకు రిపోర్టు తయారైందట. నెలాఖరుకు మద్రాసు పంపుతారు, అక్కడ అచ్చు వేస్తారు.

ఆ పనేమిటో బీబీజానుకు సరిగా తెలియదేమో, దానికోసం రాస్తాను. ముసర వస్తే గొడ్డుకు నోరు పుండై, ముక్కు కారి, పారుకుని వారంలో పోతుంది. యుద్ధం రోజుల్లో సూదిమందు చాలినంత వచ్చేది కాదు. సూదిమందు లేకుండా ఒక ఊరు తనను తాను ఎంతవరకు కాపాడుకోగలదో చూద్దామన్నారు డాక్టరుగారు. ఊరూరా పోలేరమ్మకు పొలి చల్లి, పొలిమేర కట్టి, ఆ రోజు ఎవరినీ రానీయక పోనీయక ఉండే ఆచారం ఉంది కదా, దాన్ని ఒక్క రోజు కాక మూడు వారాలు పాటిస్తే ఎట్లా ఉంటుందన్నది ఆయన ఆలోచన. కొత్తగా వచ్చిన పశువును ఇరవై ఒక్క రోజులు ఊరి బయట నాపరాళ్ళ గని దగ్గర ముళ్ళకంచె దొడ్డిలో కట్టాలి. ఊళ్ళోకి వచ్చే దారికి అడ్డంగా సున్నం పోసిన గుంట, మనిషైనా బండైనా అందులో దిగి రావాలి. ఎవరి కుడితి తొట్టి వారిదే. లెక్కంతా ఒక పుస్తకంలో ఎక్కాలి.

డాక్టరుగారికి చదువుంది. మీ నాయనకు గొడ్లు తెలుసు. నాకు చేతిరాత ఉంది. అట్లా ముగ్గురం ఒక జట్టయ్యాం. మద్రాసులో చదివిన డాక్టరు ఒక దూడ ముక్కు చూసి తల పట్టుకుంటే, మీ నాయన దాని ఊపిరి వాసన చూసి, ఇది ముసర కాదు బాబూ, ఉత్త పడిసెం అని తేల్చేవాడు. అది నిజమయ్యేది. డాక్టరుగారు నవ్వి, రాయండి మేష్టరూ, వలి గారు చెప్పినట్టే రాయండి అనేవారు. అన్నా, నా బతుకులో నేను నిజంగా పనికొచ్చానని అనిపించిన రోజులు అవే.

ఇక ఆ మాఘమాసం సంగతి. చుట్టుపక్కల ముసర తిరుగుతోందని తెలుసు. నువ్వు మాచర్ల సంతలో కొన్న ఎద్దుల జత దొడ్డిలో ఉంది. మన గుడి కోతల పండుగ ఆదివారం వచ్చింది. గుంటూరు నుంచి పెద్ద అయ్యగారు వస్తున్నారని కబురు. అర్పణగా అందరూ కోడో గంపెడు జొన్నలో తెస్తారు. నాకు పొగరెక్కింది. మేష్టరు అర్పణ మేష్టరు అర్పణలా ఉండాలి కదా అనుకున్నాను. మాచర్ల దగ్గర మా మామగారి ఊరికి పోయి గురువారం నాడు ఒక మేకపోతును తోలుకొచ్చాను.

సున్నపు గుంట దారిన రాలేదు. వాగు పక్క డొంకన వచ్చాను. ఎందుకంటే ఆ గుంట మీద పోలేరమ్మ పేర వేపమండల తోరణం కట్టి ఉంది. ఏసును నమ్ముకున్నవాణ్ణి, దాని కింద తల వంచుకుని పోతానా అనుకున్నాను. రాసేవాణ్ణి నేనే కాబట్టి నన్ను ఎవరు రాస్తారు? కంచే చేను మేయడమంటే ఇదే గదా.

మా ఇంట్లో కడితే తోటకూర మడి మేస్తుందని దయామణి గొడవ చేసింది. అందుకని హన్నమ్మ పాకలో, ఆమె గేదె పక్కన కట్టాను. రెండూ ఒకే తొట్టిలో కుడితి తాగాయి. శనివారానికి మేకకు ముక్కు కారడం మొదలైంది. కళ్ళు పుసులు కట్టాయి. జలుబు అనుకున్నాను. ఆదివారం పండుగకు మా ఇంటి కోడిపెట్టే అర్పణగా పోయింది. సోమవారం మేక చచ్చింది, పూడ్చేశాను. ఆ శుక్రవారం హన్నమ్మ గేదె పడింది. అది మొదలు రెండు నెలల్లో అరవై రెండు గొడ్లు.

పంచాయితీ నాటి సంగతి నీకు చెప్పేదేముంది, నువ్వు ఆ నడిమధ్యన నిలబడ్డవాడివి. మునసబు పున్నారావుగారి అరుగు మీద ఊరంతా చేరింది. డాక్టరుగారు ఆనాడు వేరే ఊళ్ళో ఉన్నారు. కొత్త గొడ్లు తెచ్చింది వలి ఒక్కడే కాబట్టి రోగం తెచ్చింది వలే అన్నారు. నా ఎద్దులు పద్దెనిమిది రోజులుగా దొడ్డిలో నెమరేసుకుంటా ఉండయ్యి, వాటికి లేని రోగం మీకెట్టా వచ్చిందయ్యా అని నువ్వు అడిగావు. అవి రోగం మోసుకొచ్చే రకం, వాటికి తగలదులే అని ఎవరో అన్నారు. అప్పుడు నువ్వు నా వైపు తిరిగి, పంతులూ, నువ్వు రాసిన పుస్తకం తీయి, మొదటి కాయితంలో పైన ఏం రాసి ఉందో అందరికీ చదువు అన్నావు.

నేను తీసి చదివాను. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన గొడ్లు అని చదివాను. దాని కింద ఉన్నది నీ ఎద్దుల జత ఒక్కటే. అది కూడా చదివాను.

అంతేనా పంతులూ, ఇంకేం లేదా అని అడిగావు.

అంతే అన్నాను.

ఆ సాయంత్రం దొడ్డి కంచెకు నిప్పు పెట్టారు. మర్నాడు మీరు సామాను సర్దుకున్నారు. బీబీజాన్ బడి పలక తెచ్చి నాకు అప్పజెప్పింది. అది బడి సొత్తని దానికి గుర్తుంది. నేను గుమ్మంలో నిలబడి తీసుకున్నాను, ఉండమ్మా అని కూడా అనలేకపోయాను.

ఇప్పుడు డాక్టరుగారి రిపోర్టులో, నాగూర్ వలి అనే పశువుల దళారి తెచ్చిన ఎద్దుల వల్ల రోగం ప్రవేశించినట్లు ఊరివారి వాంగ్మూలం అని ఒక వాక్యం ఉంది. అది అచ్చయితే మాచర్లలో గాని ఇంకెక్కడ గాని ఏ సంతలోనూ నీ చేతి పశువును ఎవరూ తాకరు. దాని కింద సహాయకుడిగా నేను సంతకం పెట్టాలి. డాక్టరుగారికే అది మింగుడు పడలేదు. ఆ జత చివరిదాకా ఆరోగ్యంగా ఉంది మేష్టరూ, లెక్క కుదరడం లేదు, ఎవరైనా మేకనో గొర్రెనో తెచ్చారా, వాటికీ ఇది సోకుతుంది అని అడిగారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఇన్నాళ్ళూ వెతికామా అనిపించింది. ఆలోచించి చెబుతానన్నాను. ఆయన కలం నా చేతిలో పెట్టబోయి, సరే, నిదానంగానే పెట్టండి అని జేబులో పెట్టుకుని వెళ్ళారు.

నాకు తెలియదన్నా. మేకకు ముసర సోకుతుందని ఆ బుధవారం దాకా నాకు తెలియదు. తెలిసి ఉంటే నోరు విప్పేవాణ్ణి. తెలియక చేసినదే అయినా తప్పు తప్పే. నా మేక వల్ల నువ్వు ఊరు విడిచావు. ఊళ్ళోకి ఒక మేక వచ్చినట్లు తెలిసిందని, కాబట్టి నీ పేరు తీసేయమని డాక్టరుగారికి రాస్తాను. నీ పేరు మీది మచ్చ పోతుంది. ఆపైన నువ్వు తిరిగి రావచ్చు. గని దగ్గర దొడ్డి స్థలం ఖాళీగానే ఉంది, కాలిన కంచె గుంజలు ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాయి.

వదినకు మా దయామణి వందనాలు చెప్పమంది. నీ మోకాలికి ఆముదం కాచి పట్టించు. నన్ను తిట్టాలనిపిస్తే బీబీజాన్ చేత రాయించు, ఒక్క మాట కూడా తగ్గించవద్దని చెప్పు.

నీ తమ్ముణ్ణని చెప్పుకునే హక్కు ఇంకా ఉందో లేదో తెలియక,
కృపాదానం

తా.క. సోమవారం పొద్దున.

ఉత్తరం కవరులో పెట్టి, పోస్టు డబ్బా దాకా పోయి, వెనక్కి తెచ్చాను. రోజూ పిల్లల పలకల మీద తప్పులు కొట్టేవాణ్ణి. నా ఉత్తరంలో ఉన్న తప్పు దిద్దకుండా పంపలేకపోయాను. బడి గంట కొట్టి, పిల్లలకు ఎక్కాలు ఒప్పగించమని చెప్పి, వాళ్ళ ఎదుటే కూర్చుని రాస్తున్నాను.

మేకకు సోకుతుందని నాకు తెలియదని పైన రాశాను. అది అబద్ధం. నాకు ఆ సంగతి చెప్పింది నువ్వే.

పుస్తకం మొదలుపెట్టిన రోజు గుర్తుందా? గని దగ్గర నాపరాయి మీద కూర్చున్నాం. నేను పైన, కొత్తగా ఊళ్ళోకి వచ్చిన గొడ్లు అని రాసి చదివి వినిపించాను. నువ్వు ఒప్పుకోలేదు. ఒరేయ్ పంతులూ, గొడ్లని రాసి ఊరుకోమాక, ఆవూ గేదే అయితేనే గొడ్డు, మేకా గొర్రే జీవాలు, జీవాలని కూడా రాయి అన్నావు. మేకకూ సోకుద్దిరా, గొడ్డయితే పడిపోయి చూపిద్ది, మేక తిరగతానే అంటిస్తది అన్నావు. నేను నవ్వాను. అయినా నువ్వు చెప్పావని రాశాను. గొడ్లు, జీవాలు అని రాశాను. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులు బయట కట్టే తిప్పలు ఎందుకని ఊళ్ళో ఎవరూ ఏమీ కొనలేదు. ఆ కాగితం మీద ఎక్కింది నీ ఎద్దుల జత ఒక్కటే, ఎక్కకుండా ఉండిపోయింది నా మేక ఒక్కటే.

జలుబనుకున్నానని కూడా రాశాను. జలుబుతో చచ్చిన మేకను నడుములోతు గొయ్యి తీసి, డాక్టరుగారి సున్నం బస్తా మోసుకొచ్చి, పైన పోసి పూడ్చేవాడు ఎవడైనా ఉంటాడా అన్నా? బడి వెనకాల పూడ్చాను. ఎవరూ చూడలేదు. నాకు ఆ రోజే తెలుసు.

పంచాయితీ నాటి పొద్దున గడ్డం గీసుకుంటూ ఆలోచించాను. హన్నమ్మ నోరు తెరిచి నా మేక మాట ఎత్తితే ఎట్లా? అప్పుడు తట్టింది. పుస్తకంలో జీవాలు అన్న మాట లేకపోతే మేక తేవడం తప్పే కాదు. గడ్డం గీసుకున్న బ్లేడుతోనే ఆ ఒక్క మాటను గీకాను. కాగితం చిరగకుండా మెల్లగా, మూడక్షరాలు. గీకిన గరుకు మీద గోటితో రుద్దాను. నా చేతిరాతను మెచ్చుకునేవారు కదా అందరూ, ఆ చేతి పనితనం ఆనాడు చూసి ఉండాల్సింది.

నువ్వు అంతేనా అని అడిగినప్పుడు పుస్తకం వైపు చూడలేదు. నీకు చదువు రాదు. నా ముఖం వైపు చూశావు. నేను ముఖంలోనూ ఏమీ మిగల్చలేదు. ఈ పదిహేడు నెలలు నన్ను తినేసింది అదే. నేను అబద్ధమాడానని నువ్వు అనుకుని ఉంటే నాకు ఇంత బాధ లేదు. పుస్తకం మొదలుపెట్టిన రోజు జీవాల మాట చెప్పడమే మరిచానేమోనని నిన్ను నువ్వు అనుమానించుకుని ఉంటావేమో. అందుకే ఇన్నయ్య బండి ఎద్దుల వంక కూడా చూడలేకపోయావేమో.

డాక్టరుగారికి వేరే ఉత్తరం రాశాను. ఒక మేక వచ్చిందని కాదు, నా మేక వచ్చిందని, ఏ దారిన వచ్చిందో, ఎక్కడ పూడ్చానో, బ్లేడుతో ఏం చేశానో అంతా రాశాను. రెండూ ఒకేసారి డబ్బాలో వేస్తాను. మధ్యాహ్నం బడి వదిలాక హన్నమ్మ దగ్గరికి పోవాలి. దానికి నా కాళ్ళు ఇంకా రావడం లేదు. పోతాను.

పుస్తకంలోని ఆ మొదటి కాగితం చించి ఈ ఉత్తరంలో పెట్టాను. నా దగ్గర ఉంచుకోను. నా మీద నాకు నమ్మకం లేదు, ఆ బ్లేడు ఇంకా నా సొరుగులోనే ఉంది. డాక్టరుగారు నీ దగ్గరికి వచ్చి అడిగితే నీ చేత్తో నువ్వే ఇవ్వు.

అమ్మా బీబీజాన్, నిన్న పైన, ఇంట్లోనే చదువు, మిల్లు మనుషుల ముందు వద్దు అని రాశాను. ఆ మాట కొట్టేస్తున్నాను. మిల్లు గేటు దగ్గర, నలుగురూ ఉన్నప్పుడు, గట్టిగా చదువు. నా పేరు వచ్చిన చోట ఇంకా గట్టిగా చదువు. చదివాక ఆ కాగితాన్ని ఎండకు పట్టి మీ నాయనకు చూపించు. పైవరసలో, గొడ్లు అన్న మాట పక్కన, కాగితం పలచబడి ఎండ ఇవతలికి వస్తుంది. అక్కడ వేలు పెట్టించి చెప్పు. మూడక్షరాలు ఉండేవి నాయనా, నువ్వు చెప్పావు, మా మేష్టరు రాశాడు అని చెప్పు.